చిన్నమ్మ ఇంటికి ఎదురుగా సముద్రం

మొన్న మా వీధి చివరి కుర్రాడు కువైట్ నుంచి సెలవు మీద వస్తూ ఒక కిలో ఖర్జూరాలూ, తలనొప్పి తైలం సీసా ఒకటీ, వాటితో పాటు నున్నటి కాగితం మీద అచ్చేసిన బొమ్మల పుస్తకం ఒకటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను వయసులో ఉన్నప్పుడు పనిచేసిన అబూ హలీఫా అనే సముద్రపు ఒడ్డు ఊరి చరిత్ర అట. ఊరి పాత మసీదు, చేపలు పట్టేవాళ్ళు పడవలు లాక్కొచ్చిన రేవు, మొదటి బడి, ఉప్పునీళ్ళ బావి, ఇలా ఊరి గుర్తులన్నిటికీ ఒక్కో ఫోటో, ఒక్కో పేరా. ఖర్జూరాలు బాగున్నాయి. పుస్తకం దగ్గరే నాకు తేడా వచ్చింది.

ఇరాక్ సైన్యం వచ్చి కూర్చున్న రోజుల గురించి అందులో ఒక పేజీ ఉంది. ఊళ్ళో ఇళ్ళు చాలావరకు ఖాళీ అయిపోయాయనీ, మిగిలిన పౌరులు ప్రాణాలకు తెగించి వీధి బోర్డులూ ఇంటి నంబర్లూ పీకేసి శత్రువుకు దారి తెలియకుండా చేశారనీ రాసి ఉంది. నా ఇంగ్లీషు నత్తనడక కాబట్టి రెండుసార్లు చదివాను. పీకిన మాట నిజమే. కానీ నిచ్చెన మీద నిలబడి పీకినవాడు రాజంపేట తాలూకా వాడు, నిచ్చెన పట్టుకున్నవాడు అమలాపురం వాడు. పౌరులు కింద నిలబడి యల్లా యల్లా అంటూ మమ్మల్ని తొందరపెట్టారు. అందులోనూ కొంత ధైర్యం ఉంది, కాదనను. ఇక ఇళ్ళు ఖాళీ అయ్యాయన్న ముక్క రాసినవాడు నా ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో ఇక్కడ రాయడం బాగుండదు. ఖాళీ అన్న ఇళ్ళలో ఒకదాంట్లో మా చిన్నమ్మ ఉండింది.

నా ఈడువాళ్ళకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. మన జిల్లాలో ఇంటికొకరు చొప్పున కువైట్ పోతున్న రోజులవి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఎవరేం చెప్పినా దానికొక వెటకారం అతికించకపోతే తిన్నది అరిగేది కాదు, గదిలో నన్ను జోకర్ అనే పిలిచేవాళ్ళు. అబూ హలీఫాలో ఒక లాండ్రీలో పని. ఇస్త్రీ బల్ల దగ్గర నాకంటే పదేళ్ళు పెద్దవాడైన గోదావరి అన్న, ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చి ఇచ్చే పని నాది. మా ఇద్దరికీ అరబ్బీ అక్షరం ముక్క రాదు, వాళ్ళ అంకెలూ మొదట్లో అర్థమయ్యేవి కావు. అందుకని బట్టలకు కట్టే చీటీ మీద ఇంటివాళ్ళ పేరు బదులు ఇంటి గుర్తు తెలుగులో రాసుకునేవాళ్ళం. రెండు సింహాల గేటు, వంగిన ఖర్జూరం, అరుపుల ముసలాయన, రంగు వెలిసిన తలుపు, కుక్క లేదు గానీ బోర్డుంది. ఈ చివరిది నేను పెట్టిన పేరే. అలా ఆ ఊరికి మేం మాకోసం ఒక చరిత్ర, ఒక పటం తయారు చేసుకున్నాం, అచ్చు వేయలేదంతే.

మా పటంలో లేని ఇళ్ళు కొన్ని ఉండేవి. లాండ్రీకి బట్టలు వేయని ఇళ్ళు. అవి ఎందుకు వేయవంటే వాళ్ళింట్లోనే ఒక లాండ్రీ ఉంటుంది కాబట్టి, రెండు చేతులూ రెండు కాళ్ళూ ఉన్న లాండ్రీ. అట్లాంటి ఒక ఇంట్లో మా అమ్మకు చెల్లెలు పనిచేస్తూ ఉండేది. నాకంటే ఏడాదిన్నర ముందు వచ్చింది. ఒకే ఊళ్ళో ఉంటూ ఎనిమిది నెలల్లో నేనామె ముఖం చూడలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. వాళ్ళింటి యజమానురాలికి, అదే మామాకు, పనిమనిషి కోసం మనుషులు రావడం గిట్టదు. మామా బజారుకు పోయినప్పుడు చిన్నమ్మ లాండ్రీకి ఫోను చేసేది, నేను రెండు జోకులు వేసేవాణ్ణి, ఆమె నవ్వి, కారు చప్పుడైందని పెట్టేసేది. వచ్చిన రోజు చీకట్లో కారులో తీసుకొచ్చి లోపలికి పంపారట. అప్పటి నుంచి గేటు దాటలేదు. బట్టలారేయడానికి మిద్దె ఎక్కినప్పుడు కనిపించేదే ఆమెకు కువైట్.

ఆగస్టులో సైన్యం వచ్చింది. ఆ మూడోనాడే చిన్నమ్మ పనిచేసే ఇంటివాళ్ళు కార్లలో సామాను వేసుకుని ఎడారి దారిన సరిహద్దు దాటిపోయారు. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. రెండో వారంలో మా ఖాతాదారు ఒకాయన, అరుపుల ముసలాయనే, ఆరోజు అరవకుండా వచ్చి, సైనికులు పేర్లూ నంబర్లూ పట్టుకుని మనుషులను వెతుకుతున్నారు, బోర్డులు తీసేయాలి, మీ దగ్గర నిచ్చెన ఉంది కదా అన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఎండకు తట్టుకోలేక సైనికులు కునుకు తీసే వేళ, రెండు రోజులు పీకాం. నాకు భలే సరదాగా ఉండింది. ఒక్కో పలక ఊడదీసి కిందికి వేస్తూ, ఇప్పుడీ ఊరు మా ఊరి మాదిరి అయింది, మా ఊళ్ళోనూ ఏ ఇంటికీ నంబరు లేదు, అయినా ఉత్తరాలు చేరుతాయి అని వాగుతూ ఉన్నాను. పలకలన్నీ తెచ్చి ఇస్త్రీ బల్ల కింద పేర్చాం.

ఆ తర్వాత వారానికి చిన్నమ్మ ఫోను చేసింది. మామావాళ్ళు రెండు రోజుల్లో వస్తామని పోయినారనీ, పద్దెనిమిది దినాలైందనీ, గేటుకు బయట తాళం పెట్టిపోయారనీ, బియ్యం ఉన్నాయి గానీ నీళ్ళు మిద్దె మీది ట్యాంకులో అడుగంటుతున్నాయనీ చెప్పింది. చెప్పిన తీరు చూస్తే పొరుగింటివాళ్ళ ఇబ్బంది చెప్పినట్టు ఉంది. ఇంటికి ఎదురుగా సముద్రం, ఎడంపక్క దూరంగా ఊరి నీళ్ళ ట్యాంకులు, పక్క మిద్దె మీద పావురాల గూడు అని గుర్తులు కూడా చెప్పింది. నేను అడ్డం వచ్చి, గుర్తులెందుకు చిన్నమ్మా, అమ్మ పంపిన ఉత్తరంలో నీ అడ్రసు నంబర్లతో సహా ఉంది, రేపు పొద్దునే వస్తానన్నాను.

మర్నాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని వీధిలోకి వచ్చి నిలబడ్డాక గాని నాకు తట్టలేదు. బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు అన్నీ ఉన్నాయి కాగితంలో. ఊళ్ళో ఒక్కటి లేదు. అన్నీ నేనే పీకాను. వెనక్కి పరిగెత్తి ఇస్త్రీ బల్ల కింద పలకల గుట్ట తిరగేస్తే, చిన్నమ్మ ఇంటి నంబరు పలక నిక్షేపంగా దొరికింది. దాన్ని చేతిలో పట్టుకుని నేలమీద కూలబడ్డాను. నంబరు దొరికింది, ఇల్లే దొరకాలి. ఫోను చేస్తే ఆ వైపు లైన్లు చచ్చిపోయి ఉన్నాయి.

అప్పటికే మనవాళ్ళను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ తీసుకుపోతున్నారు. మా పేర్లు రాసుకున్న బస్సు ఆరోనాటికి ఉంది. ఆ తర్వాత ఇంకొకటి ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. నాలుగు రోజులు తిరిగాను. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీలు నాలుగు హాంగర్లకు తగిలించి భుజాన వేసుకుంటే సైనికులు పోనిచ్చేవాళ్ళు. ఒకడైతే తన చొక్కా కూడా ఇస్త్రీకి ఇచ్చాడు, దేశం దేశాన్నే నలిపినవాడికి చొక్కా మడతలు పోవాలట. ఇంటికి ఎదురుగా సముద్రం అన్నది కాబట్టి ఒడ్డు వెంట సముద్రం వైపు వాకిలి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఇంటి వైపు తిరిగి నిలబడి, ఎడమ చేతి పక్క నీళ్ళ ట్యాంకులు కనిపిస్తాయేమోనని చూశాను. ట్యాంకులు ప్రతిసారీ కుడిపక్కే ఉన్నాయి. ట్యాంకుల మీద కూడా కోపం వచ్చింది.

నాలుగోనాడు సాయంత్రం వచ్చి, మా చిన్నమ్మకు కుడీ ఎడమా తెలియదన్నా అని చిరాకుపడితే, గోదావరి అన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నావంక జాలిగా చూశాడు.

“ఒరేయ్ తమ్ముడూ, మీ పిన్నిగారు ఎప్పుడైనా గేటు దాటి బయటికొచ్చేరా?”

“రాలేదు కదన్నా.”

“మరి ఆ ఇంటి ముఖం ఎలాగుంటదో ఆవిడకెలా తెలుత్తుందిరా? బట్టలారేసుకునే వైపే ఆవిడకి ఎదురు. నువ్వు చూడాల్సింది ఇంటి వెనకాల. జోకులు మాని కాత్త బుర్ర వాడవో!”

సముద్రానికి వీపు పెట్టి లోపలి వీధి వైపు తిరిగిన ఇళ్ళ వరస ఒకటుంది. నేను మొదటి రోజు మధ్యాహ్నం పలకలు పీకింది ఆ వరసలోనే.

మర్నాడు పొద్దున ఇద్దరం నిచ్చెనతో సహా పోయాం. అన్నీ తాళాలు వేసిన గేట్లే, ఎత్తు గోడలే. పేరు పెట్టి పిలిస్తే వీధి చివర సైనికులకు అనుమానం వస్తుంది. అందుకని నాకు చేతనైన పనే చేశాను. మా రాజంపేట వీధుల్లో పొద్దున్నే వినిపించే కేక గొంతెత్తి పెట్టాను, పాత చీరెలకు స్టీలు సామానోయ్ అని. సైనికుడొకడు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. మూడో ఇల్లు దాటుతుండగా మిద్దె పిట్టగోడ మీద ఒక తల లేచింది.

“ఎవుర్రా అది? ఈడ చీరెలు యాడుండాయి, అన్నీ నైటీలే!”

అన్న నవ్వాపుకోలేక నిచ్చెన వదిలేశాడు. నేను మాత్రం నవ్వలేదు. ఆ తల నాకు తెలిసిన తలలో సగం ఉంది.

గోడ దూకి లోపలికి పోయాక చిన్నమ్మ చేసిన మొదటి పని మా చెప్పులు విప్పించడం. నేల తుడిచి ఉంది. ఇరవై మూడు దినాలుగా మనిషి లేని ఇంట్లో, ఉన్న నాలుగు చెంబుల నీళ్ళలోంచి ఒక చెంబు తీసి రోజూ నేల తుడుస్తూ ఉంది. మామా వస్తే దుమ్ము ఉంటే అరుస్తుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె తీరిగ్గా మాకు టీ పెడుతూ, ఆమధ్య ఒక మిట్టమధ్యాన్నం ఎవురో గేటుకాడ టకటకా కొడతా ఉంటే మిలిటరీవాళ్ళని బాత్రూములో దాంకున్నానని చెప్పింది. ఆ టకటక నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తాళం అవతల పది అడుగుల దూరంలో నిలబడి జోకులేస్తూ ఆమె ఇంటి నంబరు ఊడబీకిపోయాను. ఆమె బతికుండగా ఈ ముక్క చెప్పనేలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

బస్సు రేపు, బయలుదేరు అంటే రానంది. మామా చెప్పకుండా ఎట్లా వస్తా, దొంగతనం చేసి పారిపోయిందని కేసు పెడతారు, ఇఖామా, అదే అక్కడ ఉండనిచ్చే కాగితం, పోతుంది అంది. పాస్‌పోర్టు ఏదని అడిగాను. మామా గదిలో బీరువాలో ఉందట. తాళం చెవి? తాళం చెవి తన నడుముకే ఉంది, వెండి సామాను తుడవడానికి మామా ఇచ్చిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె మన దేశం పోవడానికి కావలసిన కాగితం ఆమె చేతికి అందే దూరంలో, ఆమె దగ్గరున్న తాళం చెవి కింద ఉంది, ఈమె దాన్ని ముట్టలేదు.

“అది నీ పాస్‌పోర్టు గదా చిన్నమ్మా!”

“నాదే. పెట్టింది మాత్రం మామా గదా నాయనా. నన్ను నమ్మి ఇల్లు అప్పజెప్పి పోయింది.”

“నమ్మినామె తాళం బయటేంటికి ఏసింది?”

అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. అన్న నా భుజం పట్టుకున్నాడు. చిన్నమ్మ టీ గ్లాసులు మూడూ కడిగింది, తుడిచింది, బోర్లించింది. మామా బాత్రూము గిన్నె కూడా తోమి పోతావా అని ఎగతాళిగా అనబోయి, ఆమె వీపు వణుకుతున్నది చూసి మానుకున్నాను. గ్లాసుల పని అయ్యాక నడుము నుంచి తాళం చెవి తీసి నా చేతికి కాదు, అన్న చేతికి ఇచ్చింది. ఇంట్లో అరిచినవాడికి తాళం చెవి ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు.

బీరువా తీశాక ఇంకొక పేచీ. వట్టిగా తీసుకుపోతే దొంగతనమే, రాసి పెట్టి పోవాలంది. జేబులో లాండ్రీ చీటీలు తప్ప కాగితం లేదు. ఒక చీటీ మీద ఆమె చెప్పినట్టే తెలుగులో రాశాను: నా పాసుపోర్టు నేను తీసుకున్నాను, ఇంకేమీ ముట్టలేదు, వెండి అంతా తుడిచి పెట్టినాను, మిద్దె మీద మల్లెచెట్టుకు నీళ్ళు పోయాలి. ఆ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు పుట్టలేదు, పుట్టబోరు అన్నాను. అయినా ఫరవాలేదు, నేను చెప్పకుండా పోలేదు గదా అంది. చీటీని వెండి పళ్ళేనికి లాండ్రీ పిన్నుతో గుచ్చలేక, గిన్నె కింద పెట్టాం. తాళం వేసి చెవి దానికే తగిలించి వచ్చాం.

రెండు జతల బట్టలు దిండు గలీబులో వేసుకుని నిచ్చెన మీదుగా గోడ దిగింది. దిగి, వెనక్కి తిరిగి ఆ ఇంటిని చూసింది. నున్నటి రాతి స్తంభాలు నాలుగు, రంగుల అద్దాల తలుపు, మేడ మీద అర్ధచంద్రాకారపు కిటికీలు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ప్రతి గదీ ఊడ్చిన మనిషి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

“ఇదెవురి ఇల్లురా?” అంది.

నేను ఒట్టు వేసి చెబుతున్నాను, ఆమె హాస్యానికి అనలేదు.

పోతూ పోతూ సముద్రం ఒక్కసారి కాళ్ళకు తగిలించుకుని పోదామని అడిగింది. రోజూ మిద్దె మీద నుంచి చూసింది గానీ తాకలేదు. రెండు ఇళ్ళ సందులోంచి ఒడ్డుకు పోతే అక్కడ ముళ్ళ తీగ చుట్టలు పరిచి ఉన్నాయి, ఇసుకలో మందుపాతరలు పెట్టారని చెప్పుకుంటున్నారు. తీగ దగ్గర నిలబడి చూసింది. ఉప్పు వాసన వస్తాంది అంది. అంతే, వెనక్కి వచ్చేశాం.

ఎట్లా ఇల్లు చేరామో, బస్సుల్లో, గుడారాల్లో పడ్డ అవస్థలు ఏమిటో అనుభవించిన మీకు నేను చెప్పడం దండగ. చెప్పవలసింది ఆ తర్వాతది. యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకు మామా దగ్గర నుంచి ఏజెంటు ద్వారా కబురు వచ్చింది. ఇల్లంతా దోచుకుపోయారట, వెండి పోయిందట. నువ్వు ఎట్లా ఉన్నావు అన్న మాట ఒక్కటీ లేదు, ఎప్పుడు వస్తావు అని ఉంది. చిన్నమ్మ ఆ వెండి కోసం ఏడ్చింది. తర్వాత పోయింది కూడా, అదే ఇంటికి, ఇంకో తొమ్మిదేళ్ళు చేసింది. ముగ్గురు పిల్లల చదువు ఆ తొమ్మిదేళ్ళ మీదే నిలబడింది కాబట్టి నా కోపం ఎవరికీ పనికిరాలేదు. నేను మళ్ళీ పోలేదు, రైల్వే కోడూరులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాను. చిన్నమ్మ పోయి నాలుగేళ్ళవుతోంది.

ఇప్పుడంతా మారిపోయిందంటారు. నిజమే. పోయిన వారం మా బజారులో పూలమ్ముకునే ఆమె ఫోను పట్టుకుని వచ్చింది. అన్నా, నీకు కువైట్ తెలుసునంట గదా అని. కూతురు అక్కడ ఇంటిపనికి పోయి అయిదు నెలలైంది, గేటు దాటనియ్యడం లేదట, తల్లికి లొకేషన్ పంపింది, ఆ పిల్ల ఇంట్లో అటూ ఇటూ తిరిగితే ఫోనులో చుక్క కూడా కదులుతుంది. వేళ్ళతో లాగి పెద్దది చేస్తే ఆ ఇంటి మిద్దె కనిపించింది, మిద్దె మీద తీగలకు ఆరేసిన బట్టలు కూడా కనిపించాయి. నేను నాలుగు రోజులు ఎండలో వెతికినది అరనిమిషంలో నా అరచేతిలోకి వచ్చింది. వెంటనే ఆ పిల్లను పంపించిన ఏజెంటుకు ఫోను చేశాను, చూస్తున్నాం అన్నాడు. అర్జీలు పెట్టుకునే ఆఫీసులకు రాయించాను, చూస్తున్నాం అన్నారు. నిజమే, అందరమూ చూస్తూనే ఉన్నాం, ఆ రోజుల్లో ఎవరికీ కనపడని ఇల్లు ఇప్పుడు అందరికీ కనబడుతోంది, గోడ దూకడానికి పోయేవాడే లేడు. పూలామె మాత్రం పొద్దుట మల్లెలు కట్టేటప్పుడు ఫోను ఒళ్ళో పెట్టుకుంటుంది, నేను అటువైపు పోతే తలెత్తి, ఈ చుక్క ఆదివారం నుంచి కదల్లేదేంటికన్నా అని అడుగుతుంది.